అత్తమ్మ నెత్తురులో తెల్లవారుజాము

మెమో ఇచ్చిన రోజు చాంది ఇంటికి వచ్చి, చెప్పులు విడిచి, మడత పెట్టిన కాగితాన్ని కోడలి చేతిలో పెట్టి, వంటగదిలో కూర్చుని ఉల్లిగడ్డలు కోయసాగింది. కళ్ళ నీళ్ళు కారినా ఉల్లిగడ్డల వల్లనే అనుకుంటారని కాబోలు.

కవిత నిలబడే చదివింది. కొత్తగూడెంలో చాంది వంటమనిషిగా చేస్తున్న గిరిజన బాలికల హాస్టల్ వార్డెన్ ప్రమీల సంతకం ఉంది దాని మీద. సాయంత్రం డ్యూటీలో సాంబారు వడ్డిస్తూ చాంది మత్తులో తూలిందనీ, గరిటె ఒరిగి ఆరో తరగతి పిల్ల మణికట్టు కాలిందనీ, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే పనిలోంచి తీసేస్తామనీ రాశారు.

'మత్తులో' అన్న మాట దగ్గర కవిత చూపు ఆగిపోయింది.

"నేను తాగను బిడ్డా," అంది చాంది, తల ఎత్తకుండానే. "మీ మామ తాగి తాగి పోయినంక ఆ వాసనొస్తెనే నా కడుపుల దేవుతది. నీకు ఎరుకే గద."

"ఎరుకే అత్తమ్మా. నేను అడుగుతున్ననా?"

"గంగక్క అందరి ముంగట అన్నది. 'ఇప్పసారా ఏడ దాస్తున్నవే చాందీ, కొంగులనా, కొప్పులనా' అని. పిల్లలు గూడ నవ్విండ్రు."

గంగక్క హాస్టల్లో పొద్దుటి పూట వండే మనిషి. సీనియర్. చాంది ఆరేళ్ళు టేకులపల్లి దగ్గర తన తండా పక్కనే ఉన్న చిన్న బడిలో మధ్యాహ్నం వంట చేసి, పోయిన జూన్‌లో ఇక్కడికి బదిలీ మీద వచ్చింది. తండా ఇంటికి తాళం వేసి కొడుకు శ్రీను దగ్గర, రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటోంది. కొత్తగా వచ్చిన మనిషికి ఎప్పుడూ ఇచ్చేది సాయంత్రం డ్యూటీయే. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి తొమ్మిది దాకా. ఇంటికి చేరేసరికి పది.

"అట్ల ఎట్ల ఒరిగింది గరిటె?" అని అడిగింది కవిత, మెల్లగా.

"నిద్రొచ్చింది." చాంది కత్తి పక్కన పెట్టింది. "రోజు వస్తది. ఏడు గొట్టంగనే ఎవరో కండ్లమీద ఇసుక పోసినట్లయితది. చేతులు గిచ్చుకుంట. మిరపకాయ కొరుకుత. నిలబడ్డకాడనే కూలిపోత. నాకేమన్న రోగమే, కవితా?"

కవిత డాక్టర్ జస్టిన్ క్లినిక్‌ను ఆనుకుని ఉన్న ల్యాబ్‌లో టెక్నీషియన్. రోజూ నలభై యాభై మంది చేతుల్లోంచి నెత్తురు తీస్తుంది. ఇంట్లో మనిషి నెత్తురు మాత్రం ఎప్పుడూ చూడలేదు. రేపు నాతో రా అత్తమ్మా అంది.

మొదట చూసిన షుగరు బాగానే ఉంది. నెత్తురు కొంచెం తక్కువ, ఆ వయసు ఆడవాళ్ళందరికీ ఉన్నంతే. థైరాయిడ్ హార్మోన్ కూడా సరిగ్గా ఉందని తేలింది. బీపీ కొంచెం తక్కువ. డాక్టర్ జస్టిన్ సత్తుపల్లి వైపు మనిషి, మాట నిదానం. నాడి పట్టుకుని చూశాడు.

"కార్టిసాల్ చూద్దామమ్మా," అన్నాడు కవితతో. "మూత్రపిండాల మీద టోపీ పెట్టినట్టు చిన్న గ్రంథులుంటాయి కదా, అవి విడిచే హార్మోన్. మనిషిని పొద్దున లేపి నిలబెట్టేది అదే. పొద్దున ఎక్కువుండాలి, సాయంత్రానికి దిగాలి. ఎనిమిదింటికొకటి, నాలుగింటికొకటి తీసి పంపు."

ఆ పరీక్ష కొత్తగూడెంలో లేదు. కవిత నెత్తురు తీసి, మిషన్‌లో తిప్పి, పైకి తేలిన పసుపుపచ్చని నీటిని చిన్న సీసాలో పోసి, ఐస్ డబ్బాలో పెట్టి హైదరాబాద్ బస్సులో పంపింది. మూడో రోజు రిపోర్టు వచ్చింది. పొద్దుటిది ఆరు. సాయంత్రానిది రెండు. పొద్దున పది, పదిహేను, ఇరవై ఉండాల్సిన చోట ఆరు.

డాక్టర్ పెదవి విరిచాడు. "గ్రంథులు సరిగ్గా పనిచేస్తున్నట్టు లేదు. గోళీలు మొదలుపెడదాం. బహుశా జీవితాంతం వాడాలి. వార్డెన్‌కి నేను ఉత్తరం రాసిస్తాను, తాగుడు కాదు, జబ్బని."

బయట బల్ల మీద కూర్చున్న చాందికి కవిత ఈ మాట చెప్పింది. చాంది సంతోషిస్తుందనుకుంది. ఆమె ముఖం ఇంకా చిన్నబోయింది.

"రోగమున్న మనిషిని పొయ్యికాడ ఉంచుతరా? తాగినదాన్ని ఎల్లగొడ్తరు. రోగమున్నదాన్ని అయ్యో అని ఎల్లగొడ్తరు. గంతే తేడా."

మెమో గడువుకు ఇంకా తొమ్మిది రోజులుంది.

మర్నాడు పొద్దున శ్రీను టీ తాగుతూ కూర్చున్నాడు. బస్సు కండక్టరు. ముందు రోజు భద్రాచలం వెళ్ళి, బస్సు ఆలస్యమై రాత్రి మూడింటికి ఇల్లు చేరాడు. యాడి అని పిలిచే తల్లికి గోళీలు మొదలుపెడతారని విని నవ్వాడు.

"మా యాడికి నిద్ర రోగమా? నేను మూడింటికొచ్చినా నాలుగింటికొచ్చినా తలుపు కొట్టకముందే తీస్తది. గేటు చప్పుడైతె చాలు. పోయినసారి అడిగిన గూడ, ఏంది యాడీ, నువ్వు పండుకోవా అని."

కవిత చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. తను ఐదింటికి లేచేసరికి అత్తమ్మ ఎప్పుడూ దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి ఉంటుంది. కవిత స్టవ్ వెలిగించాకే లేస్తుంది. ఆమె కూడా అప్పుడే నిద్ర లేస్తోందని ఇన్ని నెలలుగా అనుకుంది.

"అత్తమ్మా, నిజం చెప్పు. నీకు మెలకువ ఎన్నింటికొస్తది?"

చాంది కొడుకును గుర్రుగా చూసింది. దొంగతనం బయటపడ్డట్టుగా నసిగింది. "రెండున్నర."

"రోజూనా?"

"రోజు. పండుగైనా, జరమొచ్చినా. పొద్దుగూకంగనే పండుకున్నా గంతే, పదకొండింటికి పండుకున్నా గంతే."

"మరి ఐదింటిదాక ఏం చేస్తవు?"

"కండ్లు తెరుచుకొని పండుకుంట. రెండు గదుల ఇల్లాయె. నేను లేస్తె నువ్వు లేస్తవు. పొద్దంత నిలబడి సూదులు పొడిచే పిల్లవు, నిన్నెందుకు లేపాలె?"

ఏడు నెలలు. రోజూ రెండున్నర గంటలు ఈ మనిషి చీకట్లో కదలకుండా, దగ్గకుండా, నిద్రపోతున్నట్లు పడుకుంది. పదిన్నరకు నడుం వాల్చి రెండున్నరకు లేస్తే ఆమెకు దక్కుతున్నది నాలుగు గంటల నిద్ర.

"ఎప్పటి సంది గిట్ల?"

"చిన్నప్పటి సంది." చాంది కింద కూర్చుని చీరకొంగు సర్దుకుంది. "ఏడేండ్లప్పుడు మా అమ్మ బాలి లేపేది, ఇప్పపువ్వుకు. పశువులు రాకముందు, ఎలుగొడ్డు రాకముందు చెట్టు కిందికి పోవాలె. కాలే కట్టె చేతుల పట్టుకొని, ఓ ఓ అని ఒర్లుకుంట పోయెటోళ్ళం. మేం పోయేసరికి పువ్వు టప్ టప్మని రాలుతుండేది. నెల రోజులు గది. తర్వాత తునికాకు. గదైనంక కట్టెల మోపు. ఇల్లందుకు మోసుకుపోయి తెల్లారేసరికి హోటలోళ్ళకు అమ్మాలె. ఎప్పుడన్న పొద్దెక్కిందాక పండుకున్నమా? పెండ్లయి మన తండాకొచ్చినా గదే పని. ఇప్పుడు అమ్మ లేదు, మోపు లేదు. మెలకువ మాత్రం పోలే."

కవిత క్లినిక్‌కు మామూలు కంటే ముందే వెళ్ళింది. డాక్టర్ మందుల చీటీ రాసి పెట్టి ఉంచాడు. కవిత దాన్ని తీసుకోలేదు. జరిగింది చెప్పింది.

ఆయన పెన్ను మూత పెట్టాడు.

"మనం ఎనిమిదింటికి ఎందుకు తీస్తామమ్మా నెత్తురు?"

"ల్యాబ్ తెరిచేది అప్పుడు గద సార్."

"అదీ ఒకటి. ఇంకొకటుంది. ఐదారింటికి లేచే మనిషికి ఆ వేళప్పుడు ఈ హార్మోన్ ఇంకా ఎక్కువుంటుందని. పుస్తకంలో అంకెలన్నీ అలాంటి మనుషులవే. ఆవిడ లేచి అప్పటికే అయిదున్నర గంటలైతే, మనం తీసింది ఆవిడ మధ్యాహ్నపు నెత్తురు." ఆయన తలపట్టుకున్నాడు. "నేను అడగనేలేదు. ఇన్నేళ్ళలో ఏ రోగినీ అడగలేదు, మీరు ఎన్నింటికి లేస్తారని."

మళ్ళీ తీయాలన్నాడు. ఈసారి గడియారాన్ని బట్టి కాదు, ఆమెను బట్టి. హాస్టల్‌కు సెలవు పెట్టించి, మూడు రోజులు ఆమెకు ఎప్పుడు నిద్రొస్తే అప్పుడు పడుకోనివ్వమన్నాడు. ఆ తర్వాత ఒక రాత్రంతా, నిద్ర చెడకుండా, కొద్దికొద్దిగా నెత్తురు తీయాలి. దీపం వేయకూడదు. లేపకూడదు.

నాలుగో రోజు సాయంత్రం కవిత అత్తమ్మ ఎడమ చేతికి సెలైన్ ఎక్కించే మెత్తటి గొట్టం సూది పెట్టి, కదలకుండా పట్టీ వేసింది.

"ఇది తెల్లారిందాక గుచ్చుకొనే ఉండాల్నా?"

"అవ్. మళ్ళ మళ్ళ పొడిచే పని ఉండదు. నువ్వు పండుకో, నేనే తీసుకుంట."

"నేను పండుకున్నంక నా నెత్తురు ఏం జేస్తదో నువ్వు చూస్తవా?"

"గదే చూద్దామని."

"సిగ్గయితది పో," అని చాంది దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. ఏడున్నరకల్లా గురక వినిపించింది.

కవిత టార్చికి ఎర్రగుడ్డ చుట్టింది. పదింటికొకసారి తీసింది. పన్నెండింటికొకసారి తీసింది. జనవరి చలికి చేతులు కొంకర్లు పోతుంటే, సిరంజిలోకి వచ్చిన నెత్తురు వెచ్చగా తగిలేది. రెండింటికి తీసినప్పుడు చాంది గాఢంగా నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది, నుదుటి మీద వెంట్రుకలు పడి ఉన్నాయి. పదింటి నెత్తురుకూ ఈ నెత్తురుకూ రంగులో తేడా లేదు. అదే చిక్కటి ముదురు ఎరుపు. కవిత సీసా మీద టైము రాసి, పక్కనే కూర్చుంది. తర్వాతిది మూడింటికి. పడుకుందామంటే మనసొప్పలేదు.

కోడి లేదు, బస్సు చప్పుడు లేదు, వీధి కుక్కలు కూడా ముడుచుకుని పడుకున్నాయి. రెండూ ఇరవై ఏడుకు చాంది కాలివేళ్ళు కదిలాయి. ఊపిరి తీరు మారింది. రెండూ ముప్పై ఒకటికి ఆమె కళ్ళు తెరిచింది. టార్చి ఎర్రటి వెలుగులో కవిత ముఖం చూసి మామూలుగా అడిగింది.

"తీసినవా?"

కవిత ఒళ్ళు జలదరించింది. దయ్యాన్ని చూసినట్టు కాదు. గుళ్ళో తెర తీసినప్పుడు కలిగే జలదరింపు అది.

మూడింటికొకటి, ఎనిమిదింటికొకటి తీసింది. ఐదు సీసాలూ అదే బస్సులో వెళ్ళాయి. మెమో గడువు రెండు రోజుల్లో ముగుస్తుందనగా రిపోర్టు వచ్చింది. కవిత డాక్టర్ బల్ల మీద పెట్టేముందు ఒకసారి, రోడ్డు దాటుతూ ఒకసారి, మెట్ల మీద నిలబడి ఒకసారి చదివింది.

రాత్రి పదింటికి మూడు. పన్నెండింటికి ఐదు. రెండింటికి పదిహేను. మూడింటికి ఇరవై ఒకటి. ఎనిమిదింటికి మళ్ళీ ఏడు.

డాక్టర్ జస్టిన్ ఒక పాత కవరు వెనక ఆ అంకెలను చుక్కలుగా పెట్టి గీతతో కలిపాడు. కొండ ఎక్కి దిగినట్టు వచ్చింది. రెండింటి చుక్క మీద వేలు పెట్టాడు.

"ఈవిడ లేచింది ఎన్నింటికన్నావు?"

"రెండున్నర దాటి ఒక నిమిషానికి సార్. రెండింటికి మంచి నిద్రలో ఉన్నది. నేను పక్కనే ఉన్న."

"చూడమ్మా, అరగంట ముందే పదిహేను. మనిషి గురక పెడుతోంది, ఎవరూ పిలవలేదు, దీపం లేదు. లోపల అప్పుడే పొద్దుపొడిచింది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అవసరం లేకపోయినా మళ్ళీ తుడిచాడు. "చదువుకున్నాను నేను ఇదంతా. పరీక్షలో రాసి పాసయ్యాను. కానీ ఒక మనిషిలో ఇలా చూడలేదు. మనందరికీ ఇంతేనమ్మా, నీకూ నాకూ కూడా. మనం లేచామనుకుంటాం. మనల్ని లేపే పని లోపల ముందే మొదలై ఉంటుంది. ఈవిడకు మనకంటే మూడు గంటల ముందు మొదలవుతోంది, అంతే."

"అలవాటయిందా సార్ అట్ల?"

"అలవాటో, పుట్టుకతోనే వాళ్ళమ్మ నుంచి వచ్చిందో, రెండూ కలిసాయో. నేను చెప్పలేను." మందుల చీటీని రెండుగా చింపాడు. "మూడింటికి ఇరవై ఒకటి తెచ్చిన గ్రంథులకు ఏ రోగమూ లేదు. ఈ గోళీలు నేను ఇచ్చి ఉండేవాణ్ణి. నువ్వు ఆ మాట తేకపోతే."

సాయంత్రం ఎండలో కూర్చుంటే, తెల్లవారుజామున వెలుతురు తగలకుండా చూసుకుంటే ఒంట్లోని ఆ గడియారం కొంచెం ఆలస్యంగా లేపవచ్చన్నాడు. అరగంటో, గంటో. పూర్తిగా మారుతుందని మాత్రం మాట ఇవ్వనన్నాడు. పని వేళ మారిస్తే ఏ మందూ అక్కర్లేదని వార్డెన్‌కు ఉత్తరం రాశాడు.

ఆ కవరు వెనక గీతను కవిత ఇంటికి తీసుకెళ్ళింది. చాందికి అంకెలు వచ్చు, ఇంగ్లీషు రాదు. ఒక్కో చుక్క మీద వేలు పెట్టించి చెప్పింది. ఇక్కడ నువ్వు పడుకున్నవు. ఇక్కడ ఇంకా పడుకునే ఉన్నవు, కాని నెత్తురు లేచింది. ఇక్కడ నువ్వు లేచినవు.

చాంది గీత మీద వేలిని కింది నుంచి పైకి పోనిచ్చింది. కొన మీద ఆపింది. కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని, నాడి కొట్టుకోవడం వింటున్నట్టు తల వంచింది.

"మా అమ్మ పోయి ఇరవయ్యేండ్లాయె," అంది చివరికి. "ఇంక లేపుతనే ఉన్నది."

డాక్టర్ ఆ మాట అనలేదు. కవిత దిద్దనూ లేదు.

మర్నాడు ఇద్దరూ వార్డెన్ గదికి వెళ్ళారు. ప్రమీల ఉత్తరం చదివి, రిపోర్టు అటూ ఇటూ తిప్పి బల్ల మీద పడేసింది.

"ఈ నంబర్లు నాకెందుకమ్మా? నాకు కనపడేది ఒక్కటే, పిల్ల చెయ్యి కాలింది."

కవిత నోరు తెరిచేలోపు చాంది ముందుకు వచ్చింది. "కాలింది మేడం, నా చేతులనే. దానికి ఏం శిక్ష వేసినా పడత. జీతం కోయండి, రాసుకోండి. తాగినననే మాట మాత్రం కొట్టెయ్యండి. నా పిల్లగాడు బస్సుల టికెట్లు కొడ్తడు, నా కోడలు దవాఖానాల నలుగురికి సూది పొడుస్తది. రేపు ఎవరన్న తాగుబోతుదాని కొడుకంటె ఆళ్ళు ఏడ తలకాయ పెట్టుకోవాలె?"

ప్రమీల ఆమె వైపు తిరిగింది. "రెండున్నరకు మెలకువగ ఉంటవా నిజంగా?"

"నలభై ఏండ్ల సంది."

"ఈ గంగక్కేమో ఆరింటికి నిద్రమొకంతో ఊగుకుంట వస్తది. పిల్లలు సగం ఉడికిన ఉప్మా తిని బడికి పోతున్నరు. నేను ఎన్నిసార్లు మెమో ఇయ్యాలె?" ఆమె రిపోర్టు మళ్ళీ తీసుకుంది. రెండింటి అంకె, మూడింటి అంకె చూసింది. "రేపు పొద్దుగాల డ్యూటీ నువ్వు చెయ్యి. నేనే వచ్చి చూస్త. కాగితం సంగతి తర్వాత."

మర్నాడు ప్రమీల వచ్చేసరికి ఐదు కావొస్తోంది, తలకు శాలువా చుట్టుకుని, కళ్ళు నులుముకుంటూ. కవిత కూడా అత్తమ్మకు తోడు వచ్చి గడప దగ్గర కూర్చుంది. వంటగదిలో రెండు పొయ్యిలూ సన్నగా మండుతున్నాయి. కిచిడీ దించి మూత పెట్టి ఉంది. పిల్లల స్నానాలకు నీళ్ళు కాగాయి. చాంది పల్లీల చట్నీకి పోపు వేస్తోంది. నడకలో తొందర లేదు, చేతిలో తడబాటు లేదు. నూనె చిటపటలకు కొంచెం వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకు వంగింది. సాయంత్రం పూట మిరపకాయ కొరుకుతూ నిలబడిన మనిషి ఈమేనంటే ఎవరూ నమ్మరు. ఆమెకు అది మిట్టమధ్యాహ్నం.

ప్రమీల పొయ్యి దగ్గరికి వెళ్ళి నిలబడింది. సారా వాసన చూడటానికే వచ్చి ఉంటుంది మొదట. తర్వాత చాంది ముఖంలోకి చూసింది.

"లోపల అంతా రాసి ఉన్నదా ఏంది మనిషికి?" అంది, ఎవరినీ అడగనట్టు. తర్వాత కవిత వైపు తిరిగి, "నాకు తొమ్మిదిదాక తల పనిచెయ్యదు. నాది గూడ తీసి చూస్తవా ఏందమ్మా?" అంది.

వేళలు మారినందుకు గంగక్క పోట్లాడుతుందనుకున్నారు. "ఇగ నన్నెవ్వరు లేపకుండ్రి, నీ కాళ్ళు మొక్కుత చాందీ," అని ఆమే ముందు ఒప్పుకుంది. ఇప్పసారా సంగతి మళ్ళీ ఎత్తలేదు, క్షమించమనీ అనలేదు. ప్రమీల 'మత్తులో' అన్న మాట కొట్టేసి పక్కన సంతకం పెట్టింది. చెయ్యి కాలినందుకు అజాగ్రత్త అని రాసి ఫైలులో ఉంచింది. చాంది దానికి అడ్డు చెప్పలేదు. ఆ పిల్లకు రోజూ తనే పట్టీ మారుస్తోంది.

ఇప్పుడు చాంది మధ్యాహ్నానికి ఇంటికి వస్తుంది. ఏడున్నరకు పడుకుంటుంది. ఏడు గంటల నిద్ర. కళ్ళ కింద నలుపు తగ్గింది, బుగ్గలకు కొంచెం కండ వచ్చింది. మెలకువ రాగానే లేచి దీపం వేసుకుంటుంది, గిన్నెలు చప్పుడు చేస్తుంది. కవిత ఒక్కోసారి విసుక్కుంటుంది, మళ్ళీ నిద్రపోతుంది.

ఒక రాత్రి ఎనిమిదింటికి శ్రీను అన్నం తింటూ టీవీ పెద్దగా పెట్టాడు. కవిత లేచి తగ్గించింది.

"ఆమె లేవదులే," అన్నాడు.

"లేవదు. నాకు ఎరుకే."

గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని అత్తమ్మ నిద్రపోతోంది. ఈ నిద్ర నటన కాదు. దుప్పటి మెల్లగా పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. ఇంకో నాలుగైదు గంటలకు, ఈ ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా, ఆ ఒంటి లోపల ఎక్కడో ఆమెను లేపే చుక్క ఒకటి, తర్వాత ఇంకో చుక్క నెత్తురులోకి దిగడం మొదలవుతుంది. తన ఒంట్లో కూడా, ఇంకొంచెం ఆలస్యంగా. శ్రీను ఒంట్లో కూడా, అతని డ్యూటీలు ఎంత కలగాపులగం చేసినా.

"అన్నం చల్లారుతున్నది," అన్నాడు శ్రీను.

"తింట," అంది కవిత. అయినా అక్కడి నుంచి కదలలేదు.